మాగిన నీళ్ళు

మహారాణిపేట ల్యాబులో పొద్దంతా
మంది నెత్తుటి రంగులు చదువుతాను.
చేపల నీళ్ళు చదవడం నేర్చుకోడానికి
తొమ్మిది చావులు పట్టింది.

"అరవై లీటర్లకి ఇన్నెందుకమ్మా" అంటూనే
డాబా గార్డెన్స్ కొట్లో పోలారావు
పన్నెండింటిని సంచుల్లో పోశాడు.
సిటీ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను,
బ్రేకు పడినప్పుడల్లా రెండు చేతులూ అడ్డంపెట్టి.
అప్పుడే వచ్చిన కొళాయి నీళ్ళు,
ముక్కు దగ్గరికి తెస్తే కడిగిన ఆస్పత్రి వాసన.
పోసేశాను.

మూడోనాటికి నీళ్ళు విరిగిన పాలయ్యాయి.
నాలుగోనాడు నియాన్ టెట్రాల నీలం గీతలు
ఒక్కొక్కటీ ఆరిపోయాయి,
ఫ్యూజు తీసుకుంటూ పోయినట్టు.

వేట నిషేధం రోజులవి.
హార్బర్లో బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి.
గంపకి పని లేదు, అమ్మకి నిద్ర లేదు.
తేలినదాన్ని గరిటెతో తీసి
అలవాటుగా మొప్ప ఎత్తింది,
బేరానికొచ్చిన వాళ్ళకి ఎన్ని వేలసార్లు ఎత్తి చూపిందో అలాగే.
"ఏటే గుంటా, కాలిపోనాదిది.
నీట్లో ఉన్న సేప కాలిపోడమేటి?"

గాజుగొట్టంలో నీళ్ళు, లెక్కపెట్టిన చుక్కలు, అయిదు నిమిషాలు.
పసుపు రావాలి.
పాచిపచ్చ వచ్చింది.
వాటి ఉచ్చ, తినగా మిగిలిన మేత, నా తొందర
కలిసిన రంగు.

చెప్పాను అమ్మకి:
కంటికి కనపడనివి కొన్ని పుట్టాలంట,
ఆ విషాన్ని తిని ఇంకో విషం చేసేవి,
దాన్నీ తిని ఎరువు చేసేవి.
నెల పడుతుందంట. నేనాగలేదు.

అమ్మ నవ్వలేదు.
"అంత సముద్రానికే అరవై ఒక్క రోజులు ఇడిసిపెడతన్నారు,
నీ గాజుపెట్టికి నెల ఇవ్వలేకపోనావా?"

బతికిన మూడింటినీ పోలారావుకి తిరిగిచ్చాను.
ఖాళీ నీళ్ళకి రోజూ చిటికెడు మేత వేస్తుంటే
కింది వాటా రత్నకుమారి గుమ్మంలో నిలబడి
ఎవరికి పెడుతున్నావని అడిగింది.
గ్యాసు కంపెనీ క్యాలెండరు గడుల్లో రాసుకున్నాను:
పచ్చ, పచ్చ, ముదురుపచ్చ,
తర్వాత రెండో గొట్టంలో వంకాయ రంగు.
ఇరవయ్యోనాడు అమ్మ, పాపం మురికిగా ఉందని,
ఫిల్టరు స్పాంజిని కొళాయి కింద పెట్టి
సబ్బేసి మరీ తోమింది.
మళ్ళీ మొదటి గడి.

బోట్లు నాకంటే ముందే వెళ్ళిపోయాయి.

జూన్ ఆఖర్లో ఒక తెల్లారి
మొదటి గొట్టం పసుపు, రెండోది లేత ఆకాశం.
నీళ్ళు మాగాయి.
నాలుగు చేపలు తెచ్చాను, నాలుగే.
రెండు వారాలాగి నేల మేసే కోరీలు రెండు.
"ఇంకో అరడజను పడతాయమ్మా" అన్నాడు పోలారావు,
ఈసారి అమ్మేవాడి గొంతుతో.
పట్టవు. పట్టేది తొట్టి కాదు, నీళ్ళు.

ఇప్పుడు శనివారం రాత్రి
డాబా మీద మూత లేని బకెట్లు రెండు.
కొళాయి వాసనంతా తెల్లారేలోగా
సముద్రపు గాలికి వదిలేస్తాయి.
మగ్గుతో తీసి మగ్గుతో పోయడమే,
పావు వంతు, అంతకు మించి కాదు.

మొన్న అమ్మ హార్బరు నుంచి రాత్రి పదింటికొచ్చింది,
మోచేతుల దాకా పొలుసులు.
లైటు తీసేసి ఉంది. సెల్లు వెలుగు తొట్టి మీద పడగానే
"సచ్చిపోనాదేటే ఒకటి? కదలట్లేదు."
నిద్రపోతోందమ్మా.
"కళ్ళు తెరుసుకునే ఉందే."
వాటికి రెప్పలుండవు.

చాలాసేపు ఏమీ అనలేదు.
నలభై ఏళ్ళ గంపలో
అన్నీ అలాగే చూసేవి కదా.

లేచి, భుజం మీది తువ్వాలు తీసి
వీధిలైటు పడే వైపు
గాజు మీద కప్పింది.